ఒకటో కోటమ్మ

మొన్న ఆదివారం, ఇక్కడ కెనడాలోనే కిచెనర్ అనే ఊరి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు హారిక, ఖమ్మం పిల్ల. నేను ఒకప్పుడు చదివిన డిపార్ట్‌మెంట్‌లోనే ఇప్పుడు చదువుతోంది. గేదెల జాతుల మీద, వాటి రక్తసంబంధాల మీద, ఏ గేదె విలువ ఎంతో తేల్చే పని మీద ఉందట. "సర్, మీరు పని చేసిన మందే సర్, వాల్టర్ వాళ్ల ఫామ్‌ది. అందుల ఒక లైన్ ఉంది. కోటమ్మ టూ, కోటమ్మ త్రీ, కోటమ్మ ఫోర్, ఇట్ల పోతనే ఉంది. కోటమ్మ వన్ మాత్రం యాడ దొరుకుతలేదు. డీఎన్‌ఏ లేదు, చెవి ట్యాగ్ లేదు. మా మేడమ్ మిమ్మల్ని అడగమన్నరు. వన్ ఏమైంది సర్? అమ్మేసిన్రా, సచ్చిపోయిందా?" అంది. కాల్గరీలో మా వంటింట్లో చేతిలో గరిటెతో నిలబడి పడీపడీ నవ్వాను. ఆ పిల్ల బెదిరిపోయి "నేనేమన్న తప్పు అడిగిన్నా సర్?" అంది. తప్పేమీ లేదమ్మా, సరైన ప్రశ్నే, జవాబే కాస్త పొడుగు, రాసి పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పెట్టేసి కిందికి వెళ్లి, పాత సూట్‌కేసులో ఉన్న చీర బయటికి తీశాను. లేత నీలం నేత చీర. జరీ లేదు, బుటా లేదు. కొంగు చివర జానెడు మేర అసలు గుడ్డే లేదు, మిగిలిన అంచు పీచులు పీచులుగా వేలాడుతుంది. మా ఆవిడ దాన్ని చింపి వంటగట్టు తుడుచుకుందామని ఎన్నేళ్లుగానో చూస్తోంది. "ఇంకా ఆ గేదె ఎంగిలి దాస్తున్నారా?" అంది. మా అమ్మాయి మెట్ల మీద నుంచి తొంగి చూసి "డాడ్, ఈజ్ దట్ ద వన్ యూ వోర్?" అంది. కాదమ్మా, నేను కట్టింది వేరే చీర, ఇది ఇంకా గొప్పది అన్నాను. అది కళ్లు తిప్పుకుని వెళ్లిపోయింది. వయసు మీదపడ్డ తండ్రి చీర గురించి గొప్పలు పోతుంటే ఏ పిల్లైనా అంతే చేస్తుంది.

మా ఊరి బడిలో లెక్కల సారుకు నన్ను చూస్తే ఒకటే మాట. "సదువుకోకుంటే బర్లు కాస్తవురా యాదగిరీ." ఆ భయానికే చదివాను. చదివీ చదివీ పశువుల డాక్టరునయ్యాను, అదీ చాలక కెనడా విమానమెక్కాను. అవి మా వైపు ఇంటికొకరు చొప్పున పిల్లలు కెనడా కాలేజీలకు అప్లై చేస్తున్న రోజులు. ఎయిర్‌పోర్టులో అందరి సూట్‌కేసులకూ ఒకే రకం ఎర్ర తాడు కట్టి ఉండేది, ఎవరిది ఏదో తెలిసేది కాదు. వచ్చిన కొత్తలో నాన్న ఫోన్‌లో "ఏం సదువుతున్నవ్ రా?" అని అడిగాడు. జెనెటిక్స్ అన్నాను. "అంటే?" అన్నాడు. "బర్ల మీద రీసెర్చ్ నాన్న. వాటి ఎంట్రుకలు పీకాలె, పాలు కొలవాలె, వాటి తోక పట్టుకొని తిరగాలె." నాన్న నిదానంగా "మీ సారుకు ముందే ఎర్కున్నదిరా" అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగి, నా పెళ్లిచూపుల దాకా వచ్చింది.

కిచెనర్‌లో మేముండేది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. అయిదుగురు కుర్రాళ్లం. మిగతావాళ్లు కాలేజీ డిప్లొమాలు చేస్తూ, డోనట్ల కొట్లోనో, వేర్‌హౌస్‌లోనో షిఫ్టులు చేసేవాళ్లు. నాకు దగ్గరివాడు వంశీ, తెనాలి వాడు, సప్లై చెయిన్ చదివేవాడు, మా అందరిలో కారున్నది వాడికొక్కడికే. నేను బర్రె అంటే వాడు గేదె అనేవాడు, కడప కుర్రాడు ఎనుము అనేవాడు. ఏది అసలు తెలుగో తేల్చుకోవడానికి అన్నం చల్లారేదాకా కొట్లాడుకునేవాళ్లం. చివరికి ఇంట్లో గేదె, ఫోన్‌లో నాన్నతో బర్రె అని రాజీకొచ్చాను. ఆ రాజీ ఇప్పటికీ నడుస్తోంది.

పైన ఇంటి యజమాని ప్రసాద్ గారి కుటుంబం. ఆయన తల్లి కోటేశ్వరమ్మ గారు, మాకందరికీ మామ్మగారు. ఒంగోలు దగ్గర పల్లె నుంచి వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయిన మనిషి. ఆ ఇంట్లో వెచ్చగాలి గొట్టం ఒకటి పైవంటింటి నుంచి మా గదిలోకి దిగుతుంది. దాంట్లోంచి తెల్లవారగానే కాఫీ డికాక్షన్ వాసన, పదింటికి ఇంగువ తాలింపు వాసన, రోజంతా మామ్మగారి గొంతు వచ్చేవి. మా మాటలు కూడా అదే దారిన పైకి వెళ్తాయని మాకు చాలా రోజులు తెలియలేదు. ఆవిడ కోడిగుడ్డు దాకా ఓర్చుకునేది. చేప, మాంసం ఆ గడప తొక్కకూడదు. ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో తేల్చే థర్మోస్టాట్ ఆవిడ చేతిలో ఉండేది. మంచు కురుస్తున్నా ఒక్క గీత పెంచేది కాదు. మేం కింద పళ్లు కొరుక్కుంటూ "మామ్మగారూ, చలి" అని గొట్టంలోకి అరిస్తే, "రెండో స్వెట్టరు ఎందుకు కొనుక్కున్నార్రా, అల్మారాకి తొడగడానికా?" అని జవాబొచ్చేది.

ఆవిడకు రెండు బాధలు. ఒకటి పెరుగు. "ఇదేం పెరుగురా, గిన్నె వంచితే పారిపోతోంది! మా ఊళ్లో గేదెపాల పెరుగు గిన్నె బోర్లించినా కదిలేది కాదు. మా ఇంట్లో ఆరు పాడిగేదెలు, తెలుసా?" అని రోజూ చెప్పేది. రెండోది పేరు. వాళ్లింట్లో పెద్దవాళ్ల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం ఆనవాయితీ. అత్తగారి పేరు ఆడపడుచు కూతురికి, తల్లి పేరు మేనకోడలికి వెళ్లాయి. ఈవిడ పేరు దగ్గరికొచ్చేసరికి మనవరాళ్లు మాయా, రియా అయ్యారు. "నోరు తిరగదమ్మా అంటాడురా మా వాడు. అయిదక్షరాలు! చలికి నోళ్లు కూడా గడ్డకట్టాయేమో" అనేది నవ్వుతూనే. ఆ నవ్వు వెనకాల గుచ్చుకున్నది ఏదో ఉందని మాకు అర్థమయ్యేది, కానీ ఆ వయసులో మేం పట్టించుకోలేదు.

ఇంకొకటి చెప్పాలి, గంజి సంగతి. ఆవిడవన్నీ నేత చీరలు. కుక్కర్లో వండితే గంజి రాదని, చీరల కోసమే గిన్నెలో ఎసరు పెట్టి అన్నం వార్చేది. ఆ గంజిలో చిటికెడు ఉప్పు వేసి, చీర ముంచి పిండి, వేసవిలో పెరట్లో, చలికాలంలో మా బేస్‌మెంట్‌లో తీగ మీద ఆరేసేది. నా మంచం మీదే ఆ తీగ. ఆరిన చీర అప్పడంలా నిలబడేది. నేను కెనడాలో చదివిన చదువంతా కొంచెం పులిసిన గంజి వాసనలో చదివిందే. చొక్కాలకు కూడా పట్టేది. క్లాసులో పక్కనున్నవాళ్లు ఏదో బేకరీ వాసనని అనుకునేవాళ్లు, నేను కాదనలేదు.

నేను పనిచేసే మంద వాల్టర్ అనే ముసలి రైతుది. కిచెనర్ నుంచి అరగంట దూరం. చీజ్ చేసేవాళ్లకు పాలు పోసేవాడు. మా ప్రొఫెసర్ మేడమ్ ఆ మందలో ప్రతి గేదెకూ తోక వెంట్రుకలు పీకించి డీఎన్‌ఏ తీయించేది. పొదుగు ఆరోగ్యం, గిట్టలు, కోపతాపాలు, పాలు దిగే తీరు, అన్నీ నేను కొలవాలి. వీటిలో పుట్టుకతో వచ్చేదెంత, పెంపకంతో వచ్చేదెంత, దాన్నిబట్టి ఏ గేదె విలువ ఎంత అన్నది ఆవిడ ప్రశ్న. గేదె పొదుగులోకి పాలు వదలడానికి మీ భాషలో ఏమంటారని ఒకసారి అడిగింది. చేపడం, చేపు అన్నాను. ఒక్క మాటలో అయిపోయిందే అని ముచ్చటపడి, అప్పటి నుంచి తనూ 'చేపు' అనే అనేది, చే మీద మహా ఒత్తుతో.

ఆ మందలో నలభై ఒకటో నంబరు గేదె ఉండేది. తొలిచూలు, దూడ పుట్టినరోజే పోయింది. మెలితిరిగిన కొమ్ములు, తారు పూసినట్టు నలుపు. దాని తండ్రి దున్నపోతు రక్తం మందలో ఇంకే ఆడదానికీ లేదు, అందుకని మేడమ్ దృష్టిలో అది బంగారం. కానీ మెషిన్ తగిలిస్తే చేపేది కాదు. దాణా పెడితే ముఖం తిప్పుకునేది. తన్నేది కాదు, పొడిచేది కాదు, ఊరికే నిలబడి ఎటో చూసేది. మా ఊళ్లో అయితే ఇంజెక్షన్ పొడిచేవాళ్లు, ఇక్కడ మేడమ్ ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఆ వారమే మామ్మగారు థర్మోస్టాట్ విషయంలో మమ్మల్ని మూడోసారి తిప్పికొట్టింది. ఆ కసిలో నేను గేదెకు కోటేశ్వరమ్మ అని పేరు పెట్టేశాను. వాల్టర్‌కు నోరు తిరగక కోటమ్మ అన్నాడు. ఒకరోజు వాల్టర్ టోపీ సర్దుకుని, చేపని గేదె పది రోజుల్లో ఒట్టిపోతుందని, నెలాఖరుకు ట్రక్ వస్తుందని చెప్పాడు. దాని రక్తం ఎంత అరుదో మేడమ్ చెప్పబోయింది. "నిజమే, కానీ నేను కాగితాన్ని పిండలేను కదా" అన్నాడాయన.

ఆ సాయంత్రం దిగులుగా మా గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. 'కోటేశ్వరమ్మ ఇవాళ కూడా చేపలేదు.' టైపు చేసే తొందరలో ఫోను 'చేప' పక్కన ఖాళీ పెట్టింది. ఇంట్లో వంశీ దాన్ని వెచ్చగాలి గొట్టం కింద నిలబడి పైకి చదివాడు. "కోటేశ్వరమ్మ... ఇవాళ కూడా... చేప లేదు. పోనీ చికెన్ తెమ్మను!" అని అరిచాడు. ఆ మాట గొట్టం ఎక్కి సరాసరి పైవంటింట్లో దిగింది. నేను ఇంటికొచ్చేసరికి మామ్మగారు మా మెట్ల మీద నిలబడి ఉంది. వంశీ గోడకు అతుక్కుని ఉన్నాడు.

"నా పేరెత్తి చేప అంటున్నావు. ఏం చేపరా?"

వాడు రెండు చేతులూ జోడించాడు. "ఒట్టు మామ్మగారూ, ఒక్కసారే! పోయిన ఆదివారం మీరు గుడికెళ్లినప్పుడు వేయించాం. వాసన పోవాలని అగరొత్తులు కూడా వెలిగించాం."

"ఓరి నీ తాడు తెగ! ఆ అగరొత్తుల వాసన చూసి, కింద పిల్లలకి భక్తి కుదిరిందని మా వాడితో గొప్పగా చెప్పానురా!"

నేను మధ్యలో దూరి, చేప కాదు, చేపు, ఫామ్‌లో గేదె చేపలేదు అని చెప్పాను. దాంతో వంశీ గండం గడిచి నా గండం మొదలైంది. "గేదెకి నా పేరెందుకొచ్చింది?" అంది. గౌరవంతో పెట్టానన్నాను. "గౌరవమా! మొండిదని పెట్టుంటావు, నల్గొండ అబ్బాయీ, నాకు తెలియదనుకున్నావా?" అంది. నేను తలొంచుకున్నాను. తిట్లు పడతాయని చూస్తుంటే, ఆవిడ మెట్టు మీద కూర్చుని "ఎన్నో ఈత?" అని అడిగింది.

"తొలిచూలు మామ్మగారూ."

"దూడ?"

"పోయింది."

"అయ్యో తల్లీ. మరి చేపకపోతే ఏం చేస్తారు?"

"నెలాఖరుకు ట్రక్ వస్తది."

ట్రక్ ఎక్కడికని ఆవిడ అడగలేదు. అర్థమైపోయింది. "నా పేరు పెట్టి కోతకు పంపుతార్రా?" అంది. "ఈ దేశంలో నా పేరున్నది అదొక్కటేరా. అదీ లేకుండా చేస్తారా? రేపు నన్ను తీసుకెళ్లండి." అంతవరకూ నాకది పరిశోధనలో ఒక గేదె, తమాషాకు పెట్టిన ఒక పేరు. ఆ మెట్ల మీద అది ఒక మనిషి సొంత విషయమైపోయింది.

మర్నాడు వంశీ కారులో బయల్దేరాం. చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద కోటు, తలకు మంకీక్యాప్, చేతిలో ఒక సంచి. దారి పొడవునా గేదెల గురించి ఉపన్యాసం. ఫామ్‌లో నియమం ప్రకారం పైనుంచి కిందికి ఒకే తొడుగు, రబ్బరు బూట్లు వేయించాం. పాలు తీసే షెడ్డులో అడుగుపెట్టి, వరసగా నిలబడ్డ ఆ నల్లటి వీపులన్నీ చూడగానే ఆవిడ నా మోచెయ్యి పట్టేసుకుంది. "మామ్మగారూ, మీరు ఆరు గేదెలు పితికేవారు కదా?" అన్నాడు వంశీ. "నేను పితికానని ఎప్పుడన్నా చెప్పానురా? గేదెలున్నాయని చెప్పాను. పితికింది మా అమ్మ. నేను వాకిట్లో నిలబడి నురగపాలు తాగేదాన్ని" అంది, ఏమాత్రం తగ్గకుండా. అయినా ఆవిడ దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ఆడమనిషి చేతికి అలవాటుపడ్డ గేదె మగవాడికి చేపదట. వాళ్లమ్మ ఊళ్లో లేని రోజు వాళ్ల నాన్న అమ్మ చీర కట్టుకుని పిండేవాడట. సంచిలోంచి ఒక చీర తీసి నా చేతిలో పెట్టింది. ఫెళఫెళలాడుతోంది.

తొడుగు మీదే కట్టించింది. కుచ్చిళ్లు ఆవిడే పోసింది. వాల్టర్ మెషిన్ తగిలించాక, నన్ను గేదెకు కనపడేలా దాని ముఖం ముందు నిలబెట్టింది. వాల్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, చాలాసేపు చూసి, "ఇది సైన్సేనా?" అని పక్కనే ఉన్న మేడమ్‌ని అడిగాడు. "ఇంకా కాదు" అంది ఆవిడ. కోటమ్మ నన్ను వాసన చూసింది. కొంగు అంది పుచ్చుకుంది. నమలడం మొదలుపెట్టింది. నేను వెనక్కి లాగితే అది ముందుకు లాగింది, నడుముకు చుట్టిన చీర బిగుసుకుని నేను బొంగరంలా తిరిగాను. వంశీ వీడియో తీస్తున్నాడు. "లాగకురా, చిరుగుతుంది! తిననివ్వు!" అని మామ్మగారు కేకలు. ఆ గోల మధ్య వాల్టర్ వేలెత్తి మెషిన్ గొట్టం చూపించాడు. తెల్లగా నిండుతోంది. "చేపింది! చేపిందిరా! చెప్పానా నేను?" అని మామ్మగారు గెంతినంత పని చేసింది. నాకు చీర కట్టుకున్న సిగ్గు కూడా గుర్తులేదు, ఆ గొట్టం చూస్తూ పిచ్చి సంతోషంతో నిలబడిపోయాను.

మేడమ్ మాత్రం సంబరపడలేదు. చీరా, యాడ్ చీర కట్టడమా, మామ్మగారు ఉండటమా, నమలడమా, దేనికి చేపిందని ఎలా చెబుతావని అడిగింది. నా పేరు ఆవిడ నోట్లో యాడ్ అయిపోయింది. నేర్చుకున్న చదువు ఇదే కదా అని, ఒక్కొక్కటీ విడదీసి చూడటం మొదలుపెట్టాను. మామ్మగారు లేకుండా నేను చీర కట్టుకుని వెళ్తే చేపింది. చీర కట్టుకోకుండా ఊరికే ముందు కమ్మీ మీద వేస్తే ఇంకా బాగా చేపింది. నా అందానికి అక్కడ విలువ లేదని తేలిపోయింది. తువ్వాలు ఇస్తే ఉమ్మేసింది. మామ్మగారి కోడలుగారు వాషింగ్ మెషిన్‌లో ఉతికిన ఇంకో చీర ఇస్తే, ముక్కు ఎగబీల్చి ముఖం తిప్పుకుంది. అదే మనిషి చీర, అదే నేత, ఒకటి నచ్చింది, ఒకటి నచ్చలేదు. ఆ సాయంత్రం మా బేస్‌మెంట్‌లో రెండు చీరలూ ముందేసుకుని కూర్చున్నాం. "రెండిటికీ తేడా ఏంటో నువ్వూ నమిలి చూడరా, పశువుల డాక్టరువి కదా" అన్నాడు వంశీ. వాడు వేళాకోళానికే అన్నాడు. నేను నిజంగానే ఒక కొంగు నోట్లో పెట్టుకున్నాను, వాడు రెండోది పెట్టుకున్నాడు. వాడిది సబ్బు. నాది చప్పగా, కమ్మగా, చివర్న కొంచెం ఉప్పగా ఉంది. సరిగ్గా అప్పుడే ఆరిన బట్టల కోసం మామ్మగారు దిగొచ్చింది. ఇద్దరు మగపిల్లలు తన చీరలు నములుతూ కనిపించారు. "మీక్కూడా దూడలు పోయాయేంట్రా?" అంది.

"గంజి మామ్మగారూ! అది చీరకు కాదు, గంజికి చేపుతోంది!"

ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది. వాళ్ల నాన్న కథ అంతా గంగలో కలిసింది కదా. కానీ తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. "మా అమ్మవీ గంజి చీరలేరా. మా కుడితి గోలెంలో పోసేదీ గంజే. గేదెకి గంజి పొయ్యాలని ఇంతమంది తెలుగువాళ్లకి ఒక్కరికీ గుర్తురాలేదు చూడు, కుక్కర్లు తగలెయ్య!" అంది. తనకూ గుర్తురాలేదన్న సంగతి మేం ఎత్తలేదు. అప్పటికి థర్మోస్టాట్ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

ఇక ఆ నెలంతా మా బేస్‌మెంట్ గంజి ఫ్యాక్టరీ అయింది. అయిదుగురిలో ఒక్కడికీ అన్నం వార్చడం రాదు. అందరం కుక్కర్ బిడ్డలమే. మూత మీద గుడ్డ ఎలా పట్టాలో, గిన్నె ఎటు వంచాలో మామ్మగారు నేర్పింది. వంశీ వేళ్లు కాల్చుకున్నాడు, కడప కుర్రాడు అన్నమంతా సింకులో కుమ్మరించాడు. బకెట్టు గంజికి సరిపడా వండిన అన్నం తినలేక పులిహోర, దద్దోజనం, మళ్లీ పులిహోర. డోనట్ల కొట్లో వంశీ తోటివాళ్లంతా ఆ నెల పులిహోర మీదే బతికారు. ఒక మలుపులో బకెట్టు దొర్లి వాడి కారు సీట్లకు గంజి పెట్టినట్టయింది, ఆరాక కూర్చుంటే ఫెళఫెళమనేది. కోటమ్మ మాత్రం వేడి గంజి తాగుతూ, కళ్లు అరమూసుకుని, రోజురోజుకూ ఎక్కువ చేపింది.

ఇది నిలిచేదో కాదో నెలాఖరున ట్రక్ వచ్చే ఉదయం తన కళ్లతో చూసి తేల్చుకుంటానన్నాడు వాల్టర్. మామ్మగారు తనూ వస్తానని పట్టుబట్టింది. లేత నీలం చీర, కొంగు చెవులకు చుట్టుకుంది. ఆరోజు చలి ఎంతంటే, దారిలో బకెట్టులో గంజి గడ్డకట్టి జున్నులా కదిలింది. షెడ్డులో కోటమ్మ ముందు పెడితే మూతితో ఒకసారి తాకి, ముఖం తిప్పుకుని, మొదటిరోజులాగే ఎటో చూస్తూ నిలబడింది. మెషిన్ గొట్టం ఖాళీ. బయట ట్రక్ ఇంజను ఆపలేదు. వాల్టర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నేను గంజి వేడిచేయడానికి పరిగెత్తబోయేంతలో మామ్మగారు నా మోచెయ్యి వదిలేసింది. అన్ని రోజులూ గేదెకు గజం దూరంలోకి రాని మనిషి, అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకెళ్లి, తలకు చుట్టుకున్న కొంగు విప్పి దాని నోటికందించింది.

"తిను తల్లీ. కొత్తగా గంజి పెట్టిందే. తిను."

ఆ పెద్ద తల వంగి కొంగు అందుకుంది. నములుతూ నములుతూ ఆవిడ భుజం దాకా వచ్చింది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది గానీ కదల్లేదు. "మొండిదానా, ఇద్దరం మొండివాళ్లమే, ఇప్పుడు మాత్రం మొండికెయ్యకే" అని గొణుగుతోంది. గొట్టం తెల్లబడింది. వాల్టర్ మెషిన్ దగ్గర చాలాసేపు నిలబడి చూసి, బయటికెళ్లి ట్రక్ డ్రైవర్‌తో ఏదో మాట్లాడాడు. తలుపు మూసిన చప్పుడు, వెళ్లిపోతున్న ఇంజను చప్పుడు వినపడ్డాయి. మామ్మగారు అప్పుడు కళ్లు తెరిచి, జానెడు తక్కువైన కొంగు చూసుకుని, "నీ తిండి తగలెయ్య, నా మంచి చీర" అంది. నేను ఏడుస్తున్నానని వంశీ చెబితేగానీ నాకు తెలియలేదు. మేడమ్ ఆ గేదె కోపతాపాల మార్కులు కొట్టేసి, మేత మారాక మళ్లీ కొలుద్దాం, అంతా రక్తం మీదకు తోయొద్దు అంది. దారిలో మామ్మగారికి ఈ మాట చెబితే, "మరి మా వాడి మొండితనం రక్తమా, మేతా?" అని అడిగింది. సగం సగం అన్నాను. "సగం వాళ్ల నాన్నది" అంది వెంటనే.

మరుసటి ఏడాది కోటమ్మ ఈనింది. ఆడదూడ. వాల్టర్ ఫోన్ చేసి, తల్లి పేరే పిల్లకు పెట్టడం తమ ఫామ్ అలవాటని, కోటమ్మ టూ అని రాస్తున్నానని చెప్పాడు. నేను సంతోషం పట్టలేక గొట్టంలోకి అరిచాను. "మామ్మగారూ, దూడ పుట్టింది! మీ పేరే! కోటమ్మ టూ!" పైన గిన్నెల చప్పుడు ఆగింది. గొట్టంలోంచి జవాబొచ్చింది.

"టూ ఏంట్రా? మొదటిదాన్ని నేను కదరా. ఆ గేదె రెండోది, ఇది మూడోది. సరిగ్గా రాయమను మీ వాల్టర్‌ని."

వాల్టర్ పగలబడి నవ్వి, అలాగే రాసుకున్నాడు. ఆ వారం మొదటిసారి థర్మోస్టాట్ రెండు గీతలు పెరిగింది.

మామ్మగారు పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లోనే, మనవరాళ్ల మధ్య పోయింది. పోయే ముందు ఆ నీలం చీర నాకిచ్చి, "కొంగు లేని చీర నాకెందుకు, నువ్వే కట్టుకో, అలవాటేగా" అంది. ఇప్పుడు నేను పశువుల విలువలు కంప్యూటర్ మీదే లెక్కేస్తాను. ఒక గేదె తల్లి ఎవరో, తాత ఎవరో, దాని పాలెన్నో, రోగాలేమో అన్నీ క్షణంలో తెలుస్తాయి, దాని మూతి వాసన మాత్రం తెలియదు. మా ఇంట్లో కుక్కరే. అన్నం వార్చడం నాకొచ్చని మా ఆవిడ నమ్మదు. కొత్తగా వచ్చే పిల్లలు నాకంటే తెలివైనవాళ్లు, నాకంటే ఎక్కువ దిగులుగా ఉంటారు, వాళ్ల బేస్‌మెంట్లలో ఇంగువ వాసన వచ్చే గొట్టం ఉందో లేదో నాకు తెలియదు. ఉండాలని కోరుకుంటాను.

అందుచేత, హారికా, నువ్వడిగిన దానికి జవాబు ఇది. కోటమ్మ వన్ డీఎన్‌ఏ నా దగ్గర లేదు, చెవి ట్యాగ్ అసలు వేయనిచ్చే మనిషి కాదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్ తల్లీ, కానీ నంబర్లు మాత్రం ముందుకు జరపకు. మీ మేడమ్ మళ్లీ అడిగితే, ఒకటో కోటమ్మ కిచెనర్‌లో పైఅంతస్తులో ఉండేదని, శాకాహారి అని, మేం ఎంత బతిమాలినా చేపేది కాదని, చేపినరోజు మాత్రం ఇల్లంతా వెచ్చబడిందని చెప్పు.